ముందు వరుసలో ఇద్దరు

డిగ్రీ రెండో సంవత్సరంలో షాహీదా చేసిన పెద్ద పొరపాటు, కాలేజీ వార్షికోత్సవం ఆహ్వానపత్రికను ఇంట్లో పైకి చదవడం. "తల్లిదండ్రులు విధిగా హాజరై" అన్న చోట వాళ్ళమ్మ కుబ్రా బేగం ఆపింది.

"విధిగా అంటే?"

"తప్పకుండా అని, అమ్మీ."

"అయితే పోవాల్సిందే" అని కుబ్రా బేగం అక్కడికక్కడే తేల్చేసింది.

తండ్రి అబ్దుల్ రజాక్ బొగ్గు గని వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ వారం ఆయనది సెకండ్ షిఫ్టు. ఒంటరిగా పోలేక కుబ్రా బేగం పక్క క్వార్టరు అనసూర్యను పిలిచింది. అనసూర్య పిల్లలెవరూ ఆ కాలేజీలో లేరు. ఉన్న ఒక్క కొడుకూ పదో తరగతితోనే చదువుకు దండం పెట్టి లారీ నడుపుతున్నాడు. అయినా ఆమె పెట్టెలోంచి కొత్త చీర తీసింది.

"షాహీదా నా చేతుల మీద పెరిగిన పిల్ల. నాకు సుత విధిగనే ఉంటది" అంది.

ఇద్దరూ గంట ముందే కాలేజీకి చేరారు. స్టేజీ ఎదురుగా తెల్ల గుడ్డలు పరిచిన సోఫాలు ఖాళీగా కనిపించాయి. ఖాళీగా ఉన్నాయి గనుక కూర్చున్నారు. బ్యాడ్జీలు పెట్టుకున్న కుర్రాళ్ళు వచ్చి చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఈ ఇద్దరినీ లేపే ధైర్యం చాలక వెనక్కి పోయారు. కాసేపటికి ముఖ్య అతిథి భార్యాసమేతంగా వచ్చాడు. ప్రిన్సిపాల్‌గారు చివరికి చెక్క కుర్చీలో సర్దుకోవాల్సి వచ్చింది.

అక్కడితో ఆగినా బాగుండేది. వయోజన విద్య మీద వేసిన నాటికలో షాహీదా పంతులమ్మ వేషం వేసింది. మూడో మాట దగ్గర తడబడింది. పదిహేను రోజులుగా ఇంట్లో ఆ మాటలే విని విని కంఠతా వచ్చేసిన కుబ్రా బేగం సోఫాలోంచే గట్టిగా అందించింది: "ముందు నీ పేరు రాయడం నేర్చుకో, తాతా!"

హాలు హాలంతా గొల్లుమంది. షాహీదా ఆ మాట మళ్ళీ అనలేక, అనకుండా ఉండలేక, తాత వేషగాడి చేతికి పలక ఇచ్చేసి తెర వెనక్కి పోయింది.

ఇంటికొచ్చాక కూతురు అన్నం ముట్టలేదు. తల్లికి ఆ సంగతే తెలియలేదు. గోడకు అటు అనసూర్య, ఇటు కుబ్రా బేగం నిలబడి పాటలెట్లా ఉన్నాయో, కోలాటం పిల్లల్లో ఎవరికి కాలు కలవలేదో మాట్లాడుకుంటూనే ఉన్నారు. వాళ్ళకు రుచి దొరికిపోయింది.

తర్వాత ఏడాదంతా కాలేజీలో ఏం జరిగినా ఆ ఇద్దరూ హాజరు. కబురు తెచ్చేది పోశం. కాలేజీలో అటెండరు, అనసూర్య పుట్టిన ఊరివాడు. బృందగానాల పోటీ అన్నాడు, పోయారు. ఉపాధ్యాయ దినోత్సవం అన్నాడు, పోయారు. రక్తదానం మీద ఉపన్యాసానికి కూడా పోయి, చివర్లో ఇద్దరూ రక్తం ఇస్తామని చేతులు చాపారు. క్విజ్ పోటీలో "గనిలో బొగ్గుపొడి అంటుకోకుండా దాని మీద ఏం చల్లుతారు?" అని అడిగినప్పుడు, జట్లవాళ్ళు ఇంకా గుసగుసలాడుతుండగానే అనసూర్య లేచింది.

"సున్నపురాయి పొడి! మా ఆయన బట్టలు ఉతికేది నేనే, నాకెర్కలేదా?"

ఆ ప్రశ్న రద్దయింది. కుర్రాళ్ళు వాళ్ళకు 'చీఫ్ గెస్టులు' అని పేరు పెట్టారు. "చీఫ్ గెస్టులు ఒచ్చిండ్రు, ఇగ మొదలుపెట్టున్రి" అని వెనక వరుసల్లోంచి ఎవరో ఒకరు అరిచేవారు. అది తమకు దక్కుతున్న మర్యాదే అనుకుని ఇద్దరూ వెనక్కి తిరిగి తల ఊపేవారు. షాహీదా పుస్తకం అడ్డం పెట్టుకునేది.

ఆఖరి సంవత్సరం డిసెంబరులో వక్తృత్వ పోటీ వచ్చింది. అంశం: ఇంటిపని కూడా ఉద్యోగమే. ఎవరు ఏ పక్షం మాట్లాడాలో చీటీలు తీశారు. షాహీదా చీటీలో 'కాదు' అని వచ్చింది.

ఆమెకు రెండు భయాలు పట్టుకున్నాయి. అమ్మ వస్తే ఏం అంటుందోనని ఒకటి. అమ్మ ముందు ఆ మాటలు ఎట్లా అనాలన్నది ఇంకొకటి. పోటీ గురువారం. పోటీ ఉందని అప్పటికే తెలిసిన ఇంట్లో మాత్రం శనివారం అని చెప్పింది. పోశం దగ్గరికి పోయి బతిమాలింది.

"కాకా, ఈ ఒక్కసారికి మా అమ్మీకి చెప్పకు."

"నీ కోసం చెప్ప తియ్యి బిడ్డా" అన్నాడు పోశం. మాట నిలబెట్టుకున్నాడు.

గురువారం షాహీదా మాట్లాడింది. మొదటి బహుమతి వచ్చింది. వెండి రంగు కప్పును చున్నీలో చుట్టి తెచ్చి, ఇనప పెట్టెలో దుప్పట్ల అడుగున పెట్టేసింది. శనివారం పొద్దున మాత్రం కడుపునొప్పి అని పడుకుంది. తను పోకపోతే వాళ్ళూ పోరనుకుంది.

"నీకు కడుపునొస్తే పోటీ ఆగుతదా? మిగిలినోళ్ళు మాట్లాడుతరు గదా, మేం ఇనొస్తం" అని అనసూర్య అనడంతో వాళ్ళిద్దరూ బయల్దేరారు.

కాలేజీ హాల్లో ఆ రోజు సహకార సంఘాల చరిత్ర మీద ఎవరో పెద్దమనిషి ఉపన్యాసం. వినేవాళ్ళు పదకొండు మంది. ఏర్పాటు చేసిన ఎకనామిక్స్ లెక్చరరు నర్సింగం గుమ్మం వైపు దిగులుగా చూస్తూ ఉండగా ఈ ఇద్దరూ లోపలికి వచ్చారు. ఆయన ఎదురుపోయి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. గంటన్నర సేపు వాళ్ళు కదలకుండా విన్నారు. ఇది అయ్యాక పోటీ మొదలవుతుందని వాళ్ళ నమ్మకం. వందన సమర్పణ కూడా అయిపోయి జనం లేస్తుంటే కుబ్రా బేగం అడిగింది.

"సారూ, మాటల పోటీ ఎప్పుడు?"

"అది మొన్న గురువారమే అయిపోయిందమ్మా. మీ షాహీదాకే ఫస్టు!" నర్సింగం సంబరంగా చెప్పాడు. "ఇంటిపని అసలు ఉద్యోగమే కాదని ఎంత బాగా చెప్పిందనుకున్నరు! ఒక్కరు ఎదురు మాట్లాడలేకపోయిన్రు."

కుబ్రా బేగం 'మంచిది సారూ' అని మాత్రం అంది.

తోవలో బొగ్గు లారీలు పోతుంటే రోడ్డు పక్కన నిలబడ్డారు. దుమ్ము సర్దుకున్నాక అనసూర్య అంది:

"నాకైతే కోపమస్తలేదు చెల్లె, నవ్వస్తంది. కడుపునొప్పి పిల్ల పొద్దుగాల నాలుగు రొట్టెలు తిన్నది."

కుబ్రా బేగం నవ్వలేదు. "ఫస్టొచ్చిందట అక్కా. గురువారం నేనేం జేస్తున్న? మిరపకాయలు ఎండబోస్తున్న" అంది.

ఆ ఇంట్లో తల్లీకూతుళ్ళు మాట్లాడుకునేది ఉర్దూలో. కుబ్రా బేగం కూతురితో తెలుగులో మాట్లాడిందంటే కోపం వచ్చిందని అర్థం. గుమ్మంలో అడుగు పెడుతూనే తెలుగు మొదలైంది.

"రేపు ఆయితారం. గనికి ప్లేడే, సెలవు. క్వార్టర్ల లైన్ల అందరు ఇండ్లల్లనే ఉంటరు. నాలుగు గంటలకు మన వాకిట్ల పోటీ ఉన్నది. కాలేజీల చెప్పిందంతా ఒక్క ముక్క తప్పకుంట ఈడ చెప్పాలె. నీకు ఎదురు నేను, అనసూర్యక్క."

షాహీదా తండ్రి వైపు చూసింది. రజాక్ పత్రిక ఇంకొంచెం పైకెత్తుకున్నాడు.

ఆదివారం నాలుగింటికి వాకిలి నిండింది. అనసూర్య ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చింది మరి. రెండు కుర్చీలు వేసి రజాక్‌నూ, అనసూర్య భర్త సదయ్యనూ జడ్జీలుగా కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్ళు భూగర్భ బాయిలో తట్టతో, చెమ్మస్ అనే పారతో బొగ్గు నింపిన సదయ్యకు జడ్జీగిరీ ఇదే మొదలు. అందుకని తలకు నూనె రాసి దువ్వుకుని వచ్చాడు.

షాహీదా మొదట నేల చూస్తూ మాట్లాడింది. నాలుగు వాక్యాలు అయ్యేసరికి గొంతు సర్దుకుంది. ఎంతైనా ఫస్టు వచ్చిన పిల్ల. "ఉద్యోగానికి ఒక వేళ ఉంటుంది. జీతం ఉంటుంది. సెలవు ఉంటుంది. చేసిన పనికి హాజరు మస్టరు పడుతుంది. ఇంటిపనికి ఇవేవీ లేవు. ప్రేమతో చేసే పనిని ఉద్యోగం అనడం దాన్ని చిన్నబుచ్చడమే!" అని చెయ్యెత్తి ముగించింది. అరుగుల మీదివాళ్ళు చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టాక తమ తమ ఇళ్ళ ఆడవాళ్ళ మొహాలు చూసి కొందరు చేతులు కిందికి దించారు.

కుబ్రా బేగం లేచింది. నలుగురి ముందు మాట్లాడటం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక అదే తొలిసారి. కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. తర్వాత ఏడాదిగా విన్నదంతా ఒక్కసారి గుర్తొచ్చినట్టుంది.

"గౌరవనీయులైన న్యాయనిర్ణేతలకు, ప్రేక్షక మహాశయులకు నా హృదయపూర్వక నమస్కారాలు" అంది. రజాక్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"నా బిడ్డ చెప్పింది నిజమే. ఇది ఉద్యోగం కాదు. ఉద్యోగమైతే ఎనిమిది గంటలు చేసి షిఫ్టు దిగుతరు. నేను ఇరవై ఏండ్ల సంది ఒక్క షిఫ్టుల్నే ఉన్న, ఇంక దిగలే. సిక్కు పెడదామంటే చిట్టీ రాసే డాక్టరు లేడు. మస్టరు రాసేటోడు లేడు."

జనం నవ్వుతున్నారు. ఆమె ఆగి గొంతు సవరించుకుంది.

"ఇంకొక్కటి. మొన్న గురువారం నా బిడ్డకు ఫస్టొచ్చింది. గప్పుడు నేను ఇంట్ల మిరపకాయలు ఎండబోస్తున్న. ఎరుకుంటే అన్ని ఇడిచిపెట్టి ఉరికొద్దును. గంతే. ధన్యవాదాలు."

ఈసారి నవ్వులు రాలేదు. షాహీదా తల వంచుకుంది.

అనసూర్య లేచి ఎవరికీ నమస్కారాలు పెట్టలేదు. నేరుగా భర్త కుర్చీ ముందుకు పోయింది.

"జడ్జి సాబ్, పొద్దుగాల సబ్బెక్కడున్నదని నన్ను మూడుసార్లు అడిగినవ్. బాయిల నీ తట్ట, నీ చెమ్మస్ ఏడున్నయో నన్ను అడుగుతున్నవా? ఆడ అడగవ్. ఎందుకంటే అది నీ డ్యూటీ. సబ్బు నా డ్యూటీ. ఇగ నువ్వే చెప్పు."

వాకిలంతా ఊగిపోయింది. జడ్జీలిద్దరూ తలలు దగ్గర పెట్టి చాలాసేపు మంతనాలాడారు. చివరికి సదయ్య లేచాడు.

"మాటల్ల షాహీదాకే ఫస్టు. కని నేను ఈ లైన్ల బతకాలె గావట్టి, అనసూర్యకు సుత ఫస్టే."

"కుబ్రమ్మ సంగతేంది?" అని ఎవరో అరిచారు.

"ఆమె తీర్పు రజాక్ భాయ్ ఇంట్ల చెప్పుకుంటడు" అని సదయ్య కూర్చున్నాడు.

అందరూ వెళ్ళాక షాహీదా పెట్టె తెరిచి కప్పు తీసింది. తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది. కుబ్రా బేగం దాన్ని కొంగుతో తుడిచింది. అప్పుడు మాటలు ఉర్దూలోకి మారాయి. చీటీలో అట్లా వచ్చిందనీ, అది తన మనసులో మాట కాదనీ షాహీదా చెప్పింది. అన్న మాటలకు తనకు కష్టం లేదనీ, రానివ్వకపోవడమే కష్టమైందనీ తల్లి చెప్పింది. అందరూ నవ్వుతారమ్మీ, నాకు సిగ్గేస్తుంది అని కూతురు ఒప్పుకుంది. "నేను రావడం మానను. నువ్వు సిగ్గుపడటం ఎంతవరకు తగ్గించుకుంటావో చూడు" అని తల్లి బేరం పెట్టింది. చివరికి మూడో వరుసలో కూర్చోవడానికీ, స్టేజీ మీదికి మాటలు అందించకుండా ఉండటానికీ ఒప్పందం కుదిరింది. గోడ అవతల నుంచి అనసూర్య కూడా ఒప్పుకుంది. ఇదంతా ఆమె వింటూనే ఉంది.

వాకిట్లో పోటీ సంగతి కాలేజీ దాకా పాకింది. మార్చిలో మహిళా దినోత్సవానికి అదే అంశం మళ్ళీ పెట్టారు. నర్సింగం సారు స్వయంగా క్వార్టరుకు వచ్చి, తల్లులు కూడా స్టేజీ ఎక్కి మాట్లాడాలని అడిగాడు. కుబ్రా బేగం చాయ్ ఇచ్చి, ఖరాఖండిగా వద్దంది.

"మాట్లాడేటోళ్ళు మీకు శానమంది ఉన్నరు సారూ. ఇనేటోళ్ళం మేమిద్దరమే. మేం గూడ మీదికెక్కితె కిందెవరుంటరు?"

సహకార సంఘాల ఉపన్యాసం గుర్తొచ్చిందేమో, ఆయన మళ్ళీ బలవంతం చెయ్యలేదు.

ఈసారి పక్షాన్ని ఎవరికి వాళ్ళే ఎంచుకోవచ్చు. షాహీదా 'ఉద్యోగమే' అని మాట్లాడింది. తయారుచేసుకున్న కాగితం మధ్యలో పక్కన పెట్టి, మూడో వరుస వైపు చూస్తూ మాట్లాడింది. కుబ్రా బేగం పెదాలు బిగించుకుని కూర్చుంది. ఒప్పందం ప్రకారం ఒక్క మాటా అందించలేదు. అవసరమూ పడలేదు.

తర్వాత జ్యోతినగర్ నుంచి స్కూటరు మీద వచ్చిన అమ్మాయి 'కాదు' పక్షం మాట్లాడింది. వేళ ఉండాలంది, జీతం ఉండాలంది, ప్రేమతో చేసే పనిని చిన్నబుచ్చొద్దంది. అనసూర్య మోచేత్తో పొడిచింది.

"చెల్లె, గవి మన పిల్ల మాటలు గావా?"

అవును, షాహీదా మాటలే. డిసెంబరులో ఆ అమ్మాయి ఇదే హాల్లో కూర్చుని శ్రద్ధగా రాసుకుంది. ఆమెకు ఫస్టు వచ్చింది. షాహీదాకు సెకండు.

షాహీదా చిన్న కప్పు పట్టుకుని దిగి వచ్చింది. నర్సింగం సారు అక్కడే నిలబడి ఉన్నా కుబ్రా బేగం తగ్గలేదు.

"నీ మనసుల లేనిది చెప్తె ఫస్టు, ఉన్నది చెప్తె సెకండా? గిదేం పోటీ బేటీ?"

"నేనే నన్ను ఓడించుకున్న అమ్మీ" అని షాహీదా నవ్వేసింది. అంతమంది మధ్యలో తల్లి చెయ్యి పట్టుకునే నవ్వింది.

జడ్జీలను అడిగి వస్తానని అనసూర్య చీర కుచ్చిళ్ళు సర్దుకుని బయల్దేరబోయింది. షాహీదా కొంగు పట్టి ఆపింది.

"పెద్దమ్మా, ఇప్పుడు పాటల పోటీ ఉంది."

"ముందుగాల గది చెప్పవేందే!" అని అనసూర్య వెనక్కి తిరిగింది. మూడో వరుస అప్పటికే నిండిపోయింది. ముందు వరుసలో మాత్రం మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఇద్దరూ షాహీదా మొహం చూశారు.

"కూర్చోండి" అని తను నడుమ కుర్చీలో కూర్చుంది.