లోపలి మలుపు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి కాకినాడ నుంచి సింగపూర్ వచ్చాకే కల్పన మొదటిసారి ఐస్ రింక్ చూసింది. చిన్నపిల్లల మధ్య పడుతూ లేస్తూ స్కేటింగ్ నేర్చుకుంది. కొన్నేళ్లకు సింగపూర్ తరఫున, అక్కడే జరిగిన అంతర్జాతీయ స్కేటింగ్ పోటీల్లో ఫైనల్‌కి చేరింది.

ఆఖరి చుట్టులో, చివరి మలుపు దగ్గర ఆమెది నాలుగో స్థానం. నిరుడు ఇలాంటి మలుపులోనే లోపలివైపు నుంచి దూరబోయి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆమె క్షణం వెనకాడింది.

"భయపడకు కల్పనా, లోపల్నుంచే దూరిపో!" గ్యాలరీలోంచి భర్త అనిరుధ్ అరిచాడు.

వేళ్లు మంచుకు రాసుకునేంతగా వంగి ఆమె దూసుకుపోయింది. మలుపులో ఒకరిని, ముగింపు గీత దగ్గర ఇంకొకరిని దాటేసింది. రజత పతకం! గ్యాలరీ హోరెత్తిపోయింది.

పట్టలేని సంతోషంతో ఆఫీసు బూట్లతోనే మంచు మీదికి పరుగెత్తుకొచ్చిన అనిరుధ్ జారి వెల్లకిలా పడ్డాడు.

"ఇప్పుడు తెలిసిందా, ఎంత కష్టమో!" కళ్లనీళ్లతోనే పకపకా నవ్వుతూ కల్పన అతన్ని చెయ్యి పట్టి లేపింది.