పూత లేని గోడలు

చెరకు నరికి నరికి నడుం వంగిపోయిన తవిటయ్య, కొడుకు బీఎస్సీ పాసైన రోజే అన్నాడు: "ఒరే దుర్గా, ఈ మట్టిగోడల మధ్య నుంచి నన్ను బయటికి లాగరా."

దుర్గారావు ఆ మాట మర్చిపోలేదు. పంతులు ఉద్యోగం రాగానే చోడవరం శివార్లో చిన్న జాగా కొన్నాడు. అక్కడి ఎర్రమట్టే తవ్వి, కాస్త సిమెంటు కలిపి, చేతిమిషన్లో నొక్కి ఇటికెలు తీసేడు. బట్టీ అక్కర్లేదు, కట్టెలు తగలెయ్యక్కర్లేదు. తడిపి ఆరబెడితే రాళ్లలా తేలేయి. ప్లానూ తనే గీసుకున్నాడు. పడమటెండకి ఇంటి వెనక వైపు పెట్టి, తండ్రికి తూరుపు గది ఇచ్చేడు. గోడలకి పూత మాత్రం పుయ్యలేదు. ఇటికె అందం ఇటికెదే అనుకున్నాడు.

తవిటయ్య గృహప్రవేశానికి రాలేదు. "మళ్లీ మట్టేనా? దీనికి సదువెందుకురా?" అని పాకలోనే ఉండిపోయేడు. కొడుకు బతిమాలగా బతిమాలగా, నాగులచవితికి వస్తానన్నాడు.

వచ్చేడు. వెంట అల్లుడు సత్యారావు. గాజువాకలో స్లాబు మేడ ఉన్నవాడు. చేతిలో పాలచెంబు, కోడిగుడ్డు.

"ఏటి బావా, పుట్టకెళ్తన్నారా?" అన్నాడు దుర్గారావు.

"పుట్ట దగ్గరికే వచ్చేం బామ్మర్దీ! డిగ్రీ సదివి ఇంత పుట్ట కట్టేవు, ఇంక పొలాల్లోకెందుకు, సెప్పు?"

గుడ్డు గోడ మొదట్లో పెట్టి, పాలు గోడ మీద పోసేడు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేరు. కాఫీ తెస్తన్న దుర్గారావు భార్య రూపాదేవి గుమ్మంలోనే ఆగిపోయింది. దుర్గారావు తండ్రి వైపు చూసేడు, అల్లుణ్ణి ఒక్క మాటైనా అంటాడని.

తవిటయ్య చెప్పులు విడిచేడు. గోడకి దండం పెట్టేడు. చెవులకి పుట్టమన్ను పెట్టుకునేవాడిలా తడిసిన చోట గోటితో గీకేడు. మళ్లీ గీకేడు. గోరు విరిగింది గానీ రవ్వంత మన్ను రాలలేదు.

"చూసేవా నాన్నా, ఎంత గట్టిదో!" అన్నాడు దుర్గారావు ఆశగా. "తుపానుకైనా కదలదు. లోపలికి రా, నీ గది చూద్దువు గాని."

తవిటయ్య నెత్తురు వేలు నోట్లో పెట్టుకుని చీకి, అల్లుడికేసి తిరిగేడు.

"పుట్టయితే చెవులకి మన్నయినా ఇచ్చును. ఇది దానిక్కూడా పనికిరాదు అల్లుడూ!"

వీధి వీధంతా గొల్లుమంది. తవిటయ్యా నవ్వేడు. నవ్వుతూనే అల్లుడి స్కూటరు వెనక ఎక్కి, "నీ మేడలోనే నాకో మంచం వేయించు" అన్నాడు.

దుర్గారావు వంగి, తండ్రి చెప్పులు తీసుకెళ్లి కాళ్ల దగ్గర పట్టేడు. తవిటయ్య కాళ్లు దూర్చి, "బండి పోనీ అల్లుడూ" అన్నాడు.