ఉపవాసం మీద నెట్టిన చావు

ఉతికిన బట్టల నీళ్లు పిండే డ్రమ్ము మూత తెరిస్తే డ్రమ్ము ఆగిపోవాలి. మూతకున్న కొక్కెం పని అదే. ఆ లాండ్రీలో నాలుగో డ్రమ్ము కొక్కెం విరిగి ఆరు నెలలైంది. మేస్త్రీ దానికి ఇనుప తీగ చుట్టించాడు. తీగ ఉంటే మూత తెరిచినా డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది. పని ఆగదు. ఆసుపత్రులకూ హోటళ్లకూ దుప్పట్లు తొందర. మనుషులదేముంది?

ఒక శుక్రవారం పొద్దున పది గంటలకు ఆ డ్రమ్ము ఒక తడి దుప్పటి అంచును లాక్కుంది. అంచుతో పాటు ఒక చేతిని, చేతితో పాటు మనిషిని. అరవైకి రెండేళ్లు తక్కువ ఆమెకు. అందరూ ప్రార్థనమ్మ అనేవారు.

ఆమె కొడుకు అక్కడే బాయిలరు దగ్గర పనివాడు. కేక విని పరుగెత్తి కరెంటు తీసింది అతనే. తల్లిని చేతుల మీద మోసింది అతనే. ఆసుపత్రిలో పోయిందని చెప్పాక, ఆమె చెప్పులు తెచ్చుకుందామని మధ్యాహ్నం లాండ్రీకి తిరిగొచ్చాడు. నేల కడిగేశారు. నాలుగో డ్రమ్ముకు తీగ లేదు. కొత్త కొక్కెం తళతళా మెరుస్తోంది. దాని నూనె ఇంకా ఆరలేదు.

ఆరు నెలలు రాని కొక్కెం రెండు గంటల్లో వచ్చింది. అతను చూశాడు. ఆ పూట నుంచి ఎవరినీ నమ్మలేదు.

శవపేటిక మేనేజరు పంపాడు. పూలు కూడా పంపాడు. మోకాళ్ల నొప్పులు, ఒక స్టూలు వేయించండి బాబూ అని ఆమె ఏడాది పాటు అడిగితే వేయించని మనిషి!

"అడిగితే ఇవ్వనోడు అడక్కుండా ఇస్తున్నాడంటే, ఏదో పట్టుకుపోవడానికే" అన్నాడు చెల్లెలితో.

"నీకు ఎవరేం చేసినా అనుమానమే అన్నయ్యా. అమ్మంటే వాళ్లకు మాత్రం గౌరవం ఉండదా?"

చెల్లెలిది మడతలు పెట్టే పని. తల్లిలాగే చర్చి సంఘ సభ్యురాలు. ఇది కూడా అటువైపు వెళ్లిపోయిందా అని అతనికి అనుమానం పుట్టింది.

ఆదివారం మధ్యాహ్నం జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. అది బాప్తిస్టు సంఘం. అక్కడ చంటిపిల్లల మీద నీళ్లు చల్లరు. బుద్ధి తెలిశాక, నమ్ముతున్నానని సొంత నోటితో ఒప్పుకున్నవాళ్లనే నిండా ముంచుతారు. మునిగినవాళ్లు సభ్యులు. వాళ్ల పైన ఇంకో పెద్ద లేడు. పాస్టరును పెట్టుకోవాలన్నా, బెంచీ కొనాలన్నా సభ్యులు చేతులెత్తాల్సిందే. మేస్త్రీకీ ఒక చెయ్యే, నేల తుడిచే ఆమెకూ ఒక చెయ్యే. మేస్త్రీ ఆ సంఘంలో పెద్దమనిషి, ముందు బెంచీ అతనిది. వెనక బెంచీలన్నీ లాండ్రీ ఆడవాళ్లవి.

కొడుకు మునగలేదు. పదహారో ఏట తల్లి బతిమాలితే, "నమ్మకం లేకుండా మునిగితే తడవడం తప్ప ఏముందమ్మా" అన్నాడు. ఆమె నవ్వింది. "అబద్ధమాడి మునిగేకంటే అదే మేలురా. కాచుకుంటాలే" అంది. ఇరవై మూడేళ్లు కాచుకుంది. అందుకే ఈ రోజు అతను లోపల కూర్చోకుండా తలుపు దగ్గర నిలబడ్డాడు. అక్కడి నుంచైతే అందరి చేతులూ కనిపిస్తాయి.

ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెప్పారు. ప్రార్థనమ్మ పంతొమ్మిదో ఏట మునిగిందనీ, అప్పటికి అక్షరం రాదనీ, పక్కవాళ్లు పాడుతుంటే పాటల పుస్తకంలో వేలు పెట్టి చూసి చూసి చదువు నేర్చుకుందనీ చెప్పారు. మొగుడు వదిలేసిన ఒక మనిషి పేరు సంఘం పుస్తకంలోంచి కొట్టేయాలని పెద్దలంటే, అందరూ చేతులెత్తారు గానీ ప్రార్థనమ్మ ఎత్తలేదట. "ఒక్కరు కాదన్నారని కూడా రాయండి" అని రాయించే దాకా బెంచీ మీద కూర్చోలేదట. ఆ మాటకు మందిరంలో నవ్వులు, కన్నీళ్లు కలిసిపోయాయి.

తర్వాత ఉతుకు తొట్ల దగ్గర పనిచేసే ముసలామె లేచింది.

"ముప్పై ఏళ్లుగా శుక్రవారం పొద్దుగూకేదాకా మంచినీళ్లు ముట్టలేదు మా ప్రార్థనమ్మ. పోయిందీ శుక్రవారమే. ఉపవాసంతోనే ప్రభువు దగ్గరికి పోయింది!"

"ఆమేన్" అన్నారందరూ.

ఇంకొకామె తక్కువ తిన్నదా? "పొద్దున చూశాను. మొహం పీక్కుపోయింది. అయినా పాడుతూనే ఉంది."

"గోడ పట్టుకుని నడిచింది తల్లీ" అంది మూడో ఆమె.

ప్రేమకు నోరు పెద్దది. కానీ కొడుకు చూపు వాళ్ల మీద లేదు. ముందు బెంచీలో మేస్త్రీ మోకాలి మీద కాగితం పెట్టుకుని ఒక్కొక్క మాటా రాసుకుంటున్నాడు. చచ్చినామె మీద ఇంత భక్తి ఎప్పటి నుంచి?

పాటయ్యాక మేస్త్రీ లేచి గొంతు సవరించుకున్నాడు. "మేనేజరు గారు ఆమె పటం లాండ్రీ హాల్లో పెట్టిస్తామన్నారు. కింద మన సంఘం తరఫున సంతాప పత్రం. చదువుతాను. 'మా ప్రియ సహోదరి ఉపవాస ప్రార్థనలో ఉండి, నీరసించి, కళ్లు తిరిగి, పనిస్థలంలో పడి, ప్రభువునందు నిద్రించినది.' ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి."

సగం చేతులు అప్పుడే లేస్తున్నాయి.

"దించండి!" కొడుకు తలుపు దగ్గర నుంచి అరిచాడు. "ఆ కాగితం గోడకు కాదు, కోర్టుకు. కళ్లు తిరిగి పడిందంటే తప్పు ఆమెది. డ్రమ్ముది కాదు, వీళ్లది కాదు. మా అమ్మ చావును మా అమ్మ ఉపవాసం మీదికే నెడుతున్నారు!"

"సభ్యుడు కానివాడికి ఇక్కడ మాట లేదు" అన్నాడు మేస్త్రీ.

పాస్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నియమం అదే బాబూ."

"బాప్తిస్మం తొట్టిలో నీళ్లు పట్టిస్తాం, ఇప్పుడైనా దూకరా" అంది ఉతుకు తొట్ల ముసలామె. ఎవరూ నవ్వలేదు. "అయినా మేం మంచే చెప్పాం కదరా? ఉపవాసం తప్పెట్లా అవుతుంది?"

"ఆ రోజు ఆమె ఉపవాసం లేదు."

అందరూ వెనక్కి తిరిగారు. మెట్ల మీద లాండ్రీలో ఇస్త్రీ చేసే పిల్ల నిలబడి ఉంది. ఆమెది ఈ సంఘం కాదు, ఏ సంఘమూ కాదు. ప్రమాదం జరిగిన మర్నాడే ఆమెను నిలబడి చేసే ఇస్త్రీ నుంచి కూర్చుని చేసే కుట్టుపనికి మార్చారు. కొడుకు ఆ సంగతి మనసులో రాసి పెట్టుకున్నాడు.

"ఎనిమిదింటికి నా పక్కన కూర్చుని తింది" అంది. "మేస్త్రీ తిట్టాడని రొట్టె విసుగ్గా పక్కన పెట్టా. నాకు ఐదో నెల. తినవే అంది. నువ్వు తింటే తింటానన్నా. శుక్రవారమని తెలిసే అన్నా, మొండికి. ఒక్క నిమిషం కళ్లు మూసుకుంది. సగం తుంచి నాకంటే ముందు నోట్లో పెట్టుకుంది."

"అబద్ధం!" చెల్లెలు లేచింది. "ముప్పై ఏళ్లు తప్పని మనిషి నీకోసం తప్పిందా?"

"నిన్ను కుట్టు బల్ల దగ్గర ఎందుకు కూర్చోబెట్టారు?" కొడుకు అడిగాడు.

"నోరు మూయడానికి. తెలీదా ఏంటి? కాళ్లు వాస్తున్నాయి, కూర్చున్నా. కూర్చోడం వరకే. తీగ కత్తిరించి జేబులో వేసుకున్నోడిని కూడా చూశా. ఆ ముందు బెంచీ మీదే ఉన్నాడు."

మేస్త్రీ ముఖం నల్లబడింది. "రేపటి నుంచి పనిలోకి రాకు."

"ఆదివారం పూట పని చేయకూడదంటారు మీరు. పీకేయడం మాత్రం చేస్తారన్నమాట!"

చెల్లెలు నడవలోకి వచ్చి ఆమె కళ్లలోకి చూసింది. "తిన్నాక అమ్మ ఏం చేసింది?"

"ఒళ్లో పడ్డ ముక్కలు ఏరుకుంది. ఒక్కొక్కటీ. నావి కూడా."

ఆ ఏరడం చెల్లెలికి తెలుసు. చిన్నప్పటి నుంచీ చూసింది. వచ్చి తన బెంచీలో కూర్చుంది. ఏం చేస్తుందో అన్నకు అంతు చిక్కలేదు. మచ్చలేని తల్లి కావాలా, నిజమైన తల్లి కావాలా? ఆ మందిరంలో ఎవరైనా మొదటిదే అడుగుతారు.

"పత్రం ఒప్పుకున్నవాళ్లు?" పాస్టరు అడిగాడు.

మేస్త్రీ చెయ్యి. అతని బెంచీలో ఇంకో రెండు.

"ఒప్పుకోనివాళ్లు?"

చెల్లెలు ఎత్తింది. ఆమె ఒక్కతే. ఎత్తిన చెయ్యి దించలేదు.

మొహం పీక్కుపోయిందన్నామె లేచింది. "నేను ఆ రోజు ఆమెను చూడనే లేదు పాస్టరు గారూ. ప్రభువు క్షమించాలి." చెయ్యెత్తింది. గోడ పట్టుకుందన్నామె ఎత్తింది. ఉతుకు తొట్ల ముసలామె, "నా మాట నేనే మింగుతున్నా" అని రెండు చేతులూ ఎత్తింది.

"ఒకటే లెక్కమ్మా" అన్నాడు పాస్టరు. నలభై ఒకటి లెక్కపెట్టాడు.

"ఇంకోటి రాయండి" అంది చెల్లెలు. "మా అమ్మ కడుపుకు తిని, కాళ్ల మీద నిలబడి, కొక్కెం లేని డ్రమ్ము లాక్కుంటే చచ్చిపోయిందని. ఎనిమిది డ్రమ్ముల మూతలూ చూసే దాకా రేపు మనం దుప్పటి ముట్టమని."

దానికీ చేతులు లేచాయి. మేస్త్రీ అప్పటికే వెళ్లిపోయాడు. ఎటు వెళ్లాడో అందరికీ తెలుసు.

సోమవారం పొద్దున డ్రమ్ములు తిరగలేదు. ఇంకో మూడు డ్రమ్ములకు తీగలు దొరికాయి. సంఘంలో లేనివాళ్లు, దేవుడంటే నవ్వేవాళ్లు, ఇస్త్రీ వాళ్లు, బండ్ల మీద దుప్పట్లు తెచ్చి దింపేవాళ్లు అందరూ వచ్చి మూతల ముందు నిలబడ్డారు. తొమ్మిదింటికి పోలీసు వ్యాను వచ్చింది.

"ఎవరు ఆపమన్నారు?" అన్నాడు ఎస్సై.

"అందరం" అన్నారు.

"అందరికీ బేడీలు లేవు. పేరు చెప్పండి."

"నేనే" అంది చెల్లెలు. "నేను కూడా" అంది ఇస్త్రీ పిల్ల. ఇద్దరినీ ఎక్కించారు. కొడుకు వ్యాను మీదికి ఉరికితే చెల్లెలు కమ్మీల్లోంచి అరిచింది.

"నువ్వు రాకు! బాయిలరు దగ్గర కూర్చో. మేం వచ్చేదాకా దానికి ఎవరినీ మంట పెట్టనీకు, వేణ్ణీళ్లు లేకుంటే పని సాగదు. నీ అనుమానం ఇప్పుడు పనికొస్తుంది."

అతను వెళ్లి చల్లబడ్డ బాయిలరుకు వీపు ఆనించి కూర్చున్నాడు. మధ్యాహ్నం పాస్టరు వచ్చి కోటు విప్పి పక్కనే చతికిలపడ్డాడు.

"నన్నైనా నమ్ముతావా?"

"ఇంకా లేదు. కూర్చోండి."

రెండు రాత్రులు ఇద్దరూ కదలలేదు. బయట మాసిన దుప్పట్లు గేటు ఎత్తుకు పెరిగాయి. మూడో రోజు భోజనాల వేళ పక్క వీధి నూలు మిల్లు నుంచి పదిహేను మంది వచ్చారు. వాళ్లలో ఒకామెకు రెండు వేళ్లు లేవు.

"మా మిషన్ల మూతలు కూడా చూసిపెడతావా అన్నా? మావాటికీ తీగలున్నాయి" అంది.

అతను ఆమె చేతిని చూశాడు. పాస్టరును చూశాడు.

"నేను వచ్చేదాకా ఎవరినీ రానీకండి" అన్నాడు. పానా తీసుకుని లేచాడు.