అయస్కాంతం అక్క

బుల్లి చొక్కాను బల్ల మీద పరిచి, మెడపట్టీ దగ్గర మొదలుపెట్టి చేతుల మీదుగా అంచు దాకా అయస్కాంతాన్ని నెమ్మదిగా నడిపించింది ఆమె. తిరగేసి వెనకవైపూ నడిపించింది. ఏమీ అంటుకోలేదు. చొక్కా మడిచి బుట్టలో వేసింది. చెయ్యి దానంతటదే మళ్లీ బుట్టలోకి పోబోయింది. దాన్ని వెనక్కి లాక్కుని ఇంకో చొక్కా అందుకుంది.

ఆ కుట్టు షెడ్డులో పసిపిల్లల బట్టలు తప్ప వేరేవి కుట్టరు. అందుకే అక్కడ సూదంటే అందరికీ హడలు. మిషను మీద సూది విరిగితే ముక్కలన్నీ వెతికి, కాగితం మీద పేర్చి, టేపు అంటించి మేస్త్రికి చూపించాలి. అప్పుడే కొత్త సూది ఇస్తాడు. ముక్క దొరక్కపోతే ఆ మిషను దగ్గరున్న బట్టల కట్ట మొత్తం పక్కన పడేస్తారు. ఇంత చేశాక కూడా ప్రతి గుడ్డా ఆమె చేతుల మీదుగానే బయటికి పోవాలి. ఏళ్ల తరబడి అదే బల్ల, అదే పని. మేస్త్రి దగ్గర్నుంచి అందరికీ ఆమె అయస్కాంతం అక్క అయిపోయింది.

అయస్కాంతం ఆమె సొంతం. రేడియోలు బాగుచేసే భర్త ఓ పాత స్పీకరు విప్పి, అందులోని గుండ్రటి అయస్కాంతానికి నాడా ముడివేసి ఇచ్చాడు. "ఇక నీకు తిరుగులేదు పో" అన్నాడు. పాపం, ఆయన మంచికే చేశాడు. కానీ అది సంచీలో పడి ఇంటికి రావడం మొదలుపెట్టింది. దిండ్ల మీద తిరిగింది, దుప్పట్ల మీద తిరిగింది, చివరికి పిండి డబ్బాలోకీ దూరింది. "ఏమీ లేదు కదూ?" అని అడిగేది ఆమె. "ఏమీ లేదు, పడుకో" అనేవాడు ఆయన. ఆ మాటతో కాస్త ఊపిరాడేది. కాసేపటికి మళ్లీ అడిగేది. ఆయన పోయాక ఆ మాట తనకు తానే చెప్పుకునేది గానీ నమ్మేది కాదు.

కూతురికి బాబు పుట్టాక భయం కొత్త దారి తొక్కింది. వాణ్ని ఎత్తుకోబోతే చాలు, ఎక్కడినుంచో ఒక ఆలోచన ఊడిపడేది: నీ చేతిలో సూది ఉంటే? నువ్వే గుచ్చేస్తే? ఒళ్లు చల్లబడిపోయేది. ఇంత మాట ఎవరితో అంటుంది? నడుం నొప్పి అంది, జలుబు అంది. బాబు దోగాడుతూ వచ్చి కాళ్లు పట్టుకుంటే పొయ్యి మీద ఏదో ఉందని లేచిపోయేది. అమ్మకు మనవడంటే ముద్దు లేదనుకుంది కూతురు. రావడం తగ్గించింది. ఆ ఖాళీ ఇంట్లో ఆమె ఏడవని రోజు లేదు.

ఆఖరికి ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ ముందు ఆ మాట నోట్లోంచి బయటపడింది. పోలీసుల్ని పిలుస్తుందేమో అనుకుంది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఇలాంటి ఆలోచనలు చాలామందికి వస్తాయమ్మా. వచ్చి పోతాయి. మీరు వాటిని కూర్చోబెట్టి విచారణ చేస్తున్నారు. బిడ్డకు హాని చేయడం మీకు గిట్టదు కాబట్టే ఇంత భయం."

"మరి చూసుకోవద్దంటారా?"

"పని కోసం ఒకసారి చూడండి. భయం కోసం చూడకండి. అది అడుగుతూనే ఉంటుంది, అడగనివ్వండి."

మందులు వాడింది. రమ్మన్నప్పుడల్లా వెళ్లింది. దుప్పటి చూడకుండా పడుకోవడానికి మొదట్లో చెమటలు పట్టేవి. కొంత నయమయ్యాక కూతురికి అంతా చెప్పేసింది. "అంతేనా అమ్మా? నా మీద కోపమేమో అనుకున్నాను" అని కూతురు ఆమె ఒళ్లో తలపెట్టుకుంది. అప్పటినుంచి కూతురు పక్కనుంటే బాబును ఎత్తుకుంటోంది. ఒంటరిగా మాత్రం ఇంతవరకూ ఎత్తుకోలేదు. ఇవాళ సాయంత్రం ఆ గండం గట్టెక్కాలి. కూతురు ఇవాళ రాత్రి డ్యూటీతో మళ్లీ ఉద్యోగంలో చేరుతోంది. ఇకనుంచి బాబు అమ్మమ్మ దగ్గరే. బల్ల దగ్గర ఆమెకు ఇదే ఆఖరి రోజు.

భోజనాలయ్యాక కాలర్లు కుట్టే ఆవిడ మిషను టక్కుమని ఆగింది. సూది విరిగింది. పెద్ద ముక్క దొరికింది, మొన దొరకలేదు. అక్క అయస్కాంతం పట్టుకుని మిషను కిందంతా, నేలంతా తిప్పింది. దారప్పోగులు, దుమ్ము గుప్పెడు అంటుకున్నాయి. వాటిని పీకి దులిపింది. మొన లేదు. రూలు ప్రకారం అందరూ బట్టలు దులుపుకున్నారు. అందరి మీదా, తన మీదా ఒకసారి అయస్కాంతం తిప్పింది.

"ఇంకోసారి చూద్దామా అక్కా?" అన్నాడు మేస్త్రి.

పాత భయం లేచి కూర్చుంది. నీ జాకెట్టు చేతి మడతలోనే ఉందేమో. సాయంత్రం బాబును ఎత్తుకుంటావు కదా.

"చూశాం కదా తమ్ముడూ. ఆ కట్ట పక్కన పెట్టించు" అంది.

మిషన్ల దగ్గర నవ్వులు లేచాయి. "ఒకప్పుడైతే అక్క మన జడలు కూడా విప్పించి వెతికించేది" అంది కాలర్లావిడ. అక్క కూడా నవ్వింది. భయపడుతూనే మిగతా చొక్కాలు ముగించింది.

సాయంత్రం గేటు దగ్గర కూతురు నిలబడి ఉంది, చంకలో బాబుతో. "పాలసీసా సంచీలో పెట్టాను. నిద్రొస్తే చెవి నలుపుకుంటాడు, నీకు తెలుసుగా" అంటూ వాణ్ని అందించింది. పర్లేదు కదూ, ఏమీ కాదు కదూ అని అడగాలని నాలుక చివరి దాకా వచ్చింది. అడిగితే కూతురు ఏమీ కాదని చెబుతుంది. ఆమె అడగలేదు.

"నీ బస్సు వచ్చేస్తుంది, వెళ్లు" అంది.

కూతురు వెళ్లింది. ఆలోచన వచ్చింది, ఎప్పటిలాగే, అదే మాటతో. రానిచ్చింది. బాబు ఆమె చెవి పట్టుకుని, తనదే అనుకున్నాడేమో, నలపడం మొదలుపెట్టాడు. ఎన్ని నెలలుగా ఈ బరువు కోసం మొహం వాచిపోయిందో ఆమెకు అప్పుడు తెలిసింది. గుండెల మీంచి ఎవరో బండ దించినట్టయింది. భయం ఇంకా పక్కనే ఉంది, ఉండనీ. వాణ్ని దగ్గరికి హత్తుకుంది.

"అక్కా, మీ అయస్కాంతం మరిచిపోయారు" మేస్త్రి తలుపు దగ్గర్నుంచి కేకేశాడు.

"మరిచిపోలేదు. దాని పని అక్కడే, ఉండనీ" అని వెనక్కి తిరగకుండానే చెప్పి, బాబుతో ఏదో కబుర్లు చెబుతూ మలుపు తిరిగిపోయింది.

మేస్త్రి అయస్కాంతాన్ని బల్ల పైనున్న మేకుకు తగిలించి, లైట్లు ఆర్పి, తాళం వేసుకుని వెళ్లిపోయాడు. నాడా ముడి కింద, పీకగా మిగిలిన చిన్న దారప్పోగులో, విరిగిన సూది మొన గట్టిగా అంటుకుని ఉంది.