కొండ మీద ఇరవై మంచాలు

"ఈ ఒక్కరోజైనా పూర్తిగా రెస్టు తీసుకో. ఏ పనీ పెట్టుకోకు," అన్నాడు భర్త, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ. అప్పటికి ఆమె ఇద్దరికీ భోజనం డబ్బాల్లో సర్ది, ఫ్లాస్కులో టీ పోసి, అత్తగారి మూడు పూటల మాత్రలు విడివిడిగా పెట్టి, ఏది ఎప్పుడు వేసుకోవాలో పెద్ద అక్షరాలతో రాసి, మధ్యలో ఆవిడని ఓసారి చూసి రమ్మని పక్కింటి వదినకి రెండో తాళం అప్పజెప్పి వచ్చింది. అతని స్వెట్టర్ కూడా తనే వెనక సీట్లో పడేసింది. ఎండాకాలంలో ఇదెందుకని నవ్వాడు గానీ, ఘాట్ రోడ్డు సగం ఎక్కేసరికి తొడుక్కున్నాడు.

ఈ షికారు ఎందుకో ఆమెకు తెలుసు. ఇరవై రెండేళ్ల నర్సు ఉద్యోగం తర్వాత హెడ్ నర్సుగా ప్రమోషన్ వచ్చింది. కాకపోతే కొండల్లో ఒక చిన్న ఊరికి వేశారు. ఆ మాట భోజనాల దగ్గర చెప్పింది. "కొండల్లోనా? మనకెందుకులే, రానని రాసిచ్చెయ్," అన్నాడతను, కూర గిన్నె ఇటు జరపమని సైగ చేస్తూ. అత్తగారు అందుకుంది: "పెద్ద నర్సువైతే మాత్రం ఇంట్లో పొయ్యి దానంతటదే వెలుగుతుందా అమ్మా?" ఎనిమిదేళ్ల కిందటా ఇలాగే వస్తే, కూతురి చదువని వదులుకుంది. ఇప్పుడు కూతురు హాస్టల్లో ఉంది. అయినా ఎందుకో నోరు పెగల్లేదు. అతను దాన్నే సరేననుకున్నాడు. చెడ్డవాడేం కాదు. పాపం మనసు నొచ్చుకుందేమో, కాస్త తిప్పుకొద్దామని ఈ ఆదివారం బయల్దేరదీశాడు. జవాబివ్వడానికి సోమవారమే గడువు.

మొదటి ఊళ్లో తోట చూశారు. పూల పక్కన ఆమెను నిలబెట్టి, "నవ్వూ, నవ్వూ" అంటూ ఆరు ఫొటోలు తీశాడు. రెండో ఊళ్లో బెంచీ మీద టీ తాగి, అక్కడే కాళ్లు చాపుకుని ఓ కునుకు తీశాడు. అతనికి తొందర లేదు. దారిలో ఎక్కడ అవసరమైతే అక్కడ కారాపి ఏ బండరాయి చాటుకో వెళ్లొచ్చాడు. పొద్దున్నుంచి ఓర్చుకుంటున్నది ఆమె. "ఇంకో పది నిమిషాలు ఆగలేవా?" అని ఇప్పటికి మూడుసార్లన్నాడు.

మూడో ఊరి మొదట్లో బోర్డు కనబడితే పైకి చదివాడు. "పేరు భలే ఉందే! ఎప్పుడూ వినలేదు."

ఆమె ముందుకి వంగి బోర్డు చూసింది. ఆర్డరులో ఉన్న ఊరు అదే. ఆ పేరు ఇంట్లో మూడుసార్లు చెప్పింది.

"అదిగో, ఆసుపత్రి. బాత్రూమ్ ఉంటుంది, ఆపండి," అంది.

బాత్రూమ్ నుంచి బయటికొస్తుంటే పసిపిల్ల ఏడుపు వినబడింది. విరేచనాలతో వాడిపోయిన రెండేళ్ల పిల్ల. కుర్ర నర్సు రెండుసార్లు సూది గుచ్చినా నరం దొరకలేదు. పిల్ల తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నర్సు మూడోసారి గుచ్చడానికి పిల్ల రెండో చెయ్యి తిప్పి చూస్తోంది.

"నేనూ నర్సునే. ఉండు, చేతులు కడుక్కొస్తా. కాస్త వేడినీళ్లలో గుడ్డ తడిపి తీసుకురా."

వెచ్చని గుడ్డ పిల్ల పాదానికి చుట్టింది. రెండు నిమిషాలాగి, చీలమండ పక్కన వేలితో మెల్లగా తడిమింది. నరం దారంలా తగిలింది. ఈసారి ఒక్క పోటుకే సూది వెనక ఎర్రగా నెత్తుటి చుక్క మెరిసింది. ప్లాస్టర్ అంటించి, సెలైన్ బొట్టు బొట్టుగా దిగుతుంటే చూస్తూ నిలబడింది. ఇంట్లో ఈ చేతుల్ని ఎప్పుడూ ఎవరూ చూడలేదు. వాటిలో ఉన్న గరిటెనీ, గ్లాసునీ చూశారు. ఇక్కడ ఇద్దరు మనుషులు ఊపిరి బిగబట్టి ఈ చేతుల్నే చూశారు.

"బతికించావక్కా," అంది కుర్ర నర్సు. "ఇరవై మంచాలకి మేమిద్దరమే. పెద్ద సిస్టర్ వస్తుందన్నారు. ఈ కొండకి ఎవరొస్తారులే, రాదట."

"రాదని ఎవరు చెప్పారు?"

ఆ మాట ఆలోచించకుండానే వచ్చేసింది. వచ్చాక, వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

బయట హారన్ మోగుతోంది. "ముప్పావు గంట! రెస్టు తీసుకోమంటే ఇక్కడా డ్యూటీయేనా? ఆకలేస్తోంది," అన్నాడు అతను.

ఆమె కారెక్కి తలుపు వేసుకుంది. "ఈ ఊరేనండి."

"ఏ ఊరు?"

"నన్ను వేసిన ఊరు."

అతను ఆసుపత్రి బోర్డు వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు. ముఖం చిన్నబోయింది. "ముందే చెప్పొచ్చుగా!"

"చెప్పాను. మూడుసార్లు." సీటు బెల్టు పెట్టుకుంది. "రేపు, వస్తానని రాసిస్తున్నాను."

"మరి ఇల్లు?"

"ఇల్లెక్కడికి పోతుందండీ? మీరు అందులోనే ఉంటారుగా."

"అమ్మనెవరు చూసుకుంటారు?"

"ఆవిడ కొడుకు."

అతను కారు తాళం తిప్పబోయి ఆపేశాడు. కసురుకుంటాడనుకుంది. కసురుకుంటే ఏం చెప్పాలో కూడా సిద్ధంగానే ఉంది. అతను రోడ్డుకి అవతల చూశాడు.

"ప్రతివారం ఈ ఘాట్ రోడ్డు మీద కారంటే కష్టం. మనూరి నుంచి ఇక్కడికి బస్సులున్నాయా? శనివారాలు... నేను రావాలంటే?"

"తెలీదు," అంది. రోజూ ఆ తర్వాత వచ్చే మాట 'కనుక్కుంటాలెండి'. ఆ మాట పెదవుల దాకా వచ్చింది. ఆపుకుంది. "మీరే కనుక్కోండి."

అతను కారు దిగాడు. రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న చిన్న బస్టాండులోకి వెళ్లాడు. ఎంక్వయిరీ కిటికీ దగ్గర అప్పటికే ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక నిలబడ్డాడు.