గట్టిదే ఇచ్చాను

రోహిణి గ్లాసులో నీళ్ళకు మందులషాపు పొడి చేర్చి చెంచాతో కలుపుతోంది. చెంచా ఎత్తితే తేనెలా ఆగి ఆగి జారాలి. పలచనైతే మళ్ళీ కలపాలి. పక్షవాతం వచ్చాక జగ్గారావుకి గొంతు పట్టు తప్పింది. పలచటిదేదైనా కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి పోతుందని, అది ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడు.

"ఏటే ఇది, బంకా? పోస్టర్లంటించుకోడానికేటి?" అన్నాడు జగ్గారావు ముద్దమాటతో.

"నీళ్ళే నాన్నా. మెల్లగా పారతాయంతే."

"పారడం నాకు సెప్తన్నావేటి? ఫర్నేసు కాడ ఇనుమునే పారించినోణ్ణి." ఒక చెంచా మింగి మొహం తిప్పుకున్నాడు. "ఒక్క గుక్క మంచినీళ్ళియ్యే తల్లీ."

రోహిణి తలెత్తకుండా కలుపుతూనే ఉంది. సాక్చిలో తను పనిచేసే బట్టలకొట్టు తెరిచే వేళవుతోంది.

"అమ్మా, పారేదేదీ ఇవ్వకు," అని తల్లి అసిరమ్మకు చెప్పి బయల్దేరింది.

సాయంత్రం బారిడీహ్‌లో ఆటో దిగి ఇంట్లోకి వచ్చేసరికి తండ్రి గొంతులో గురగుర. ఒళ్ళు కాలిపోతోంది.

"అమ్మా, ఏటిచ్చావే?"

"పారేదేదీ ఇవ్వనేదే. గట్టిదే ఇచ్చినాను," అంది అసిరమ్మ. "పక్కింటి జోగమ్మొదిన ఫ్రిజ్‌లోంచి ఐసు తెచ్చినాను. ఎండాకాలం ఫర్నేసు కాడ ఐసుముక్క బుగ్గనెట్టుకునే డూటీ సేసీవోడు కదా! ఇయ్యాల గూడా అలాగే ఎట్టుకున్నాడు. ఎన్నాళ్ళకో నవ్వినాడే."

"బరఫ్ పానీ హీ తో హై, అమ్మా!" రోహిణి ఆ ఊరి హిందీలో అరిచేసింది. "ఐసు నోట్లో ఎట్టుకుంటే నీళ్ళయిపోదేటి?"

మంచం పక్కన గిన్నెలో మిగిలిన ఐసు ఎప్పుడో కరిగిపోయింది. అసిరమ్మ దానికేసి చూస్తూ నిలబడిపోయింది.

జగ్గారావు ఆస్పత్రి నుంచి తిరిగి రాలేదు.

దినకార్యాలు అయ్యాక ఒక మధ్యాహ్నం జోగమ్మ వచ్చి కూర్చుంది. గొంతు తగ్గించి అడిగింది.

"నిద్ర పట్టడం నేదే పిల్లా. నానిచ్చిన ఐసు వల్లేనేటే?"

"కాదత్తా," అంది రోహిణి, తల్లి వైపు చూడకుండా. "జ్వరం. పక్షవాతం వచ్చినోళ్ళకి నిమ్ము చేరుతుందంట. ఐసుకీ దానికీ ఏటీ లేదు."

"అమ్మయ్య!" జోగమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఒదినా, ఇన్నావా? ఉత్త జ్వరమంట."

బియ్యం చెరుగుతున్న అసిరమ్మ చేట కింద పెట్టింది. ఆ మాట తనకింతవరకూ చెప్పని కూతురి మొహంలోకి ఒక్కసారి చూసింది. లేచి, చెప్పులైనా వేసుకోకుండా గుమ్మం దాటి ఎండలోకి వెళ్ళిపోయింది.