తొందరపడి కప్పిన నేల

మే నెల తొలివారంలో, లెస్కోవాత్స్ పట్టణానికి దగ్గరలోని ఒక పల్లెలో, ఒక మిరపతోట వద్ద ఉన్నవారు ముగ్గురు. వయసు క్రమంలో చెప్పవలసివస్తే, మొదట పీట మీద కూర్చున్న అత్తగారు స్తానా. తరువాత చాళ్ళ మధ్య వంగి గోధుమగడ్డి పరుస్తున్న పెద్దకోడలు దేసాంకా. చివరగా, కంచె అవతల తన తోటలో నిలబడి చూస్తున్న చిన్నకోడలు రుమెనా. ముగ్గురూ మౌనంగానే ఉన్నారు గాని, ఆ మౌనాల్లో ఒకటి మాత్రం నిర్దోషమైనది కాదు.

ఆ పల్లెల్లో ఇల్లాలి పరువును ఆమె తోటలోని నేలను చూసి నిర్ణయిస్తారు. కలుపుపోచ లేకుండా, గుల్లచేసి, నున్నగా కనిపించే నల్లనేలే గొప్ప. ఆ గొప్ప ఇరవై ఏళ్ళుగా దేసాంకాది. నిరుడు రుమెనా తన చాళ్ళను గడ్డితో కప్పినప్పుడు ఆమె కంచె మీద మోచేతులాన్చి నవ్వింది.

"ఏమే రుమెనా, మిరప నాటావా, కోళ్ళు పొదగడానికి గూడు కట్టావా?"

"బద్ధకస్తురాలిని కదక్కా! రోజూ తవ్వలేక దుప్పటి కప్పేశా."

జూలైలో వాన ముఖం చాటేసింది. దేసాంకా నున్నని నేల పెంకులా బిగిసి నెర్రెలు విచ్చింది, పూత రాలిపోయింది. రుమెనా గడ్డి కింద తడి ఆరలేదు. వానపాములు మెసలాయి, అడుగుగడ్డి చివికి ఎరువైంది, కొమ్మలు ఎర్రకాయల బరువుకు వంగాయి. "చిన్నదాని తోట చూసి నేర్చుకోవే," అన్నది అత్తగారు, నలుగురి ఎదుటా.

ఆ మాట దేసాంకాకు ముల్లైంది. అడిగి నేర్చుకోవడానికి అహం అడ్డువచ్చింది, చూసి మించిపోదామనుకున్నది. అందుకే ఈ ఏడు నారు నాటిన రోజునే, రెండింతల మందాన గడ్డి పరచింది.

అక్కడి చలికి మే నెలలో నేల ఇంకా చల్లగానే ఉంటుందనీ, అది వెచ్చబడకముందే కప్పితే చలి లోపలే నిలిచిపోతుందనీ, మిరప వేరు చలిలో సాగదనీ రుమెనాకు తెలుసు. నోరు తెరవబోయి, మూసుకున్నది.

నెల తిరక్కుండానే ఆకులు పసుపెక్కాయి. మొక్క ఎదగలేదు. దేసాంకా ఇంటికి ఆ తోటే ఏడాది జీవనాధారం.

"ఏం మంత్రం వేశావే? అదే గడ్డి! నీకు కాసింది, నాకు చస్తోంది!"

"నీ తోట సంగతి నాకేం తెలుసక్కా?"

తెలిసి పలికిన అబద్ధమది. మరునాటి ఉదయం దేసాంకా ఏడుస్తూ మొక్కలు పీకి విసరడం మొదలుపెట్టింది. అది చూసిన రుమెనా ఇక నిలువలేకపోయింది. కంచె దాటి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నది.

"పీకకక్కా! వేరు బతికే ఉంది. గడ్డి పక్కకి లాగుదాం, ఎండ తగలనీ. నేల వెచ్చబడ్డాక, బాగా తడిపి మళ్ళీ కప్పుదాం. నువ్వు పరిచిన రోజే తెలుసు నాకు. చెప్పలేదు."

"చూస్తూ ఊరుకున్నావా? ఎందుకే?"

"అత్తయ్య నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారేనక్కా. అదీ నీకు పోతుందేమోనని..."

దేసాంకా కన్నీళ్ళలోనే ఫక్కున నవ్వింది. "ఒక్కసారైనా మెచ్చుకుంది, అదృష్టవంతురాలివి! నాకు ఇరవై ఏళ్ళలో అదీ లేదు. పట్టవే ఆ పంగలకర్ర, గడ్డి లాగుదాం!"

ఇద్దరూ కలిసి చాళ్ళకు ఎండ చూపించారు. జూన్ నడిమికి నేల వెచ్చబడింది. తడిపి, మళ్ళీ కప్పారు. కాయ ఆలస్యంగానే వచ్చింది; కాని వచ్చింది.

పాఠకులారా, నేలను కప్పడం మేలు, అయితే అదనెరిగి కప్పాలి. తెలిసిన సంగతిని కప్పడానికి మాత్రం ఏ అదనూ లేదు. అసూయ ఒకరిని అడగనివ్వదు, ఇంకొకరిని చెప్పనివ్వదు. ఎండిపోయేది ఎవరి పంటైనా, నష్టం ఇద్దరిదీ.

శరత్తులో, ఇంటి దేవుడి పండుగనాడు, కాల్చిన మిరప పచ్చడి భోజనాల బంతిలోకి వచ్చింది. దేసాంకా లేచి నిలబడి, అత్తగారికీ అతిథులకూ నమస్కరించి ఇలా అన్నది: "ఈ ఇంటి పెద్దకోడలిగా చెబుతున్నాను. ఈ పచ్చడి నా తోటది. తన తప్పు తానే ఒప్పుకుని, కంచె దాటి వచ్చి ఆ తోటను బతికించినది నా చెల్లెలు రుమెనా. అందరి ఎదుటా ఆమెకు నా కృతజ్ఞతలు."